నేలమాళిగలోంచి చూసినది

14 ఆగస్టు 1945, మంగళవారం

కిటికీలకు గాజుపలకలు వస్తాయని పొద్దున్నుంచి గుమ్మంలో కాచుకుని కూర్చుంటే సినిమావాళ్లు వచ్చారు.

లుబ్బర్స్ మాస్టారు వాళ్లను వెంటబెట్టుకొచ్చారు. ఊళ్లో ఇంగ్లీషు వచ్చిన మనిషి ఆయనొక్కడే కావడంతో ఈ మధ్య ఆయన నడకే మారిపోయింది. పోయిన సెప్టెంబర్‌లో పారాచూట్‌లతో మా పొలాల్లో దిగిన ఇంగ్లీషు సిపాయిల మీద సినిమా తీస్తారట. యాక్టర్లు ఎవరూ ఉండరట. ఆ తొమ్మిది రోజులూ పోరాడి బతికి బయటపడ్డవాళ్లే మళ్లీ వచ్చి, అప్పుడు ఎవరేం చేశారో అదే చేస్తారట. ఊరివాళ్లకూ అదే పద్ధతి. పోయినవాళ్ల బదులు వాళ్ల దగ్గరి మనుషులు నిలబడతారు. డైరెక్టరుగారిది ఒకటే పట్టుదల. కళ్లారా చూసినవాళ్లు ఒక్కరైనా ఉంటేనే తీస్తాడు. విన్నదీ ఊహించిందీ తీయడు.

మా ఇల్లు ఇలాగే కావాలట. ముందుగోడకు పడ్డ బొక్క, పగిలిన కిటికీలు, వేటినీ ముట్టుకోవద్దన్నారు. వీధిలో అందరూ గాజులు బిగించుకుంటుంటే మేం బొక్కల్ని కాపాడుకుంటూ కూర్చోవాలి.

"మా వాడు కూడా ఉంటాడా మాస్టారూ అందులో?" అని అత్తయ్య అడిగింది.

మాస్టారు అటు చెప్పి ఇటు తిరిగారు. "మీ వెసెల్ ఎలా పోయాడు, ఎవరు చూశారు అని అడుగుతున్నారమ్మా."

అత్తయ్య నా వైపు చూసింది. మేమిద్దరం నేలమాళిగలో ఉన్నామని చెప్పాను. మాస్టారు తల ఆడించారు. "అయితే కష్టమే" అన్నారు.

ఇంట్లో వెసెల్ ఫొటో ఒక్కటి కూడా లేదు. చలికాలమంతా మమ్మల్ని ఊరు ఖాళీ చేయించి తరిమేస్తే, తిరిగొచ్చేసరికి ఆల్బమ్ పొయ్యిలో బూడిదై ఉంది. జర్మన్లు చలి కాచుకున్నారు. మా పెళ్లి ఫొటో కూడా అందులోనే పోయింది.

15 ఆగస్టు

అసలు వెసెల్ బయటికి ఎందుకు వెళ్లాడు?

17 ఆగస్టు, శుక్రవారం

ఒకసారి రాసుకుంటేనైనా స్పష్టమవుతుందేమో.

మూడో రోజు మధ్యాహ్నం. నేలమాళిగలో మేం ముగ్గురమే. అత్తయ్య కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. వెసెల్ బంగాళాదుంపల పెట్టె మీద కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచాడు. ఒక్క మాట లేదు, నా వైపు చూడను కూడా లేదు. మెట్లెక్కి పైకి వెళ్లాడు. గడియ తీసిన చప్పుడైంది. వెంటనే తుపాకీ మోగింది. నేను పైకి పరిగెత్తేసరికి వీధిగుమ్మం మెట్ల మీద పడి ఉన్నాడు. తొడకు గాయమైన ఒక ఇంగ్లీషు కుర్రాడు తన ఒళ్లో వెసెల్ తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నేను ఆ కుర్రాడి చెయ్యి పట్టుకున్నాను. మరునాడు మిగతా సిపాయిలు పెరట్లో పియర్ చెట్టు కింద గొయ్యి తవ్వారు. ఆ తర్వాత ఆ కుర్రాణ్ణి జర్మన్లు పట్టుకుపోయారు.

నాకు తెలిసింది ఇంతే. దెబ్బ తగిలి పడి ఉన్న ఆ కుర్రాణ్ణి లోపలికి లాక్కొద్దామనే వెసెల్ వెళ్లి ఉంటాడు. ఎదురు వీధిలోంచి జర్మన్లు కాల్చి ఉంటారు. ఇంకేం ఉంటుంది?

నేలమాళిగకు వీధి వైపు చిన్న ఇనప జాలీ ఉంది. అందులోంచి కంచె మొదలు, దారిన పోయేవాళ్ల చెప్పులు కనిపిస్తాయి. మెడ కాస్త వంచితే మెట్ల అంచు కూడా కనిపిస్తుంది.

18 ఆగస్టు, శనివారం

లుబ్బర్స్ మాస్టారి ఇంటికి వెళ్లి, చూశానని చెప్పాను.

"మొన్న చెప్పలేదేమమ్మా?"

"మొన్న గుర్తు రాలేదు మాస్టారూ. జాలీలోంచి చూశాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. బళ్లో లెక్క తప్పు చేసి ఒప్పని వాదించేవాళ్లను చూసే చూపు అది. సాయంత్రానికి కబురొచ్చింది, తీస్తారట.

అత్తయ్య నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. పెళ్లై ఇన్నేళ్లయినా ఆవిడ నన్ను అలా పట్టుకోవడం ఇదే మొదలు. "వాడు ఎందుకు పోయాడో తెలియక ఏడాదిగా నా గుండె రాయైపోయిందే. ఒక ప్రాణం కాపాడబోయి పోయాడన్నమాట. నువ్వు చూశావు. ఇన్నాళ్లూ చెప్పవేమే పిచ్చిదానా?" అంది.

గుర్తు రాలేదన్నాను. నిజమే కదా, గుర్తు రాకపోవడం కూడా ఉంటుంది.

21 ఆగస్టు, మంగళవారం

ఆ కుర్రాడు వచ్చాడు. ప్రాసర్ అట పేరు. పోయిన ఏడు ఏడుపు మొహంలో నేను గమనించలేదు కానీ చెవులు రెండూ బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఇంకా కుంటుతున్నాడు. నన్ను చూడగానే ఎర్ర టోపీ తీసి చేతుల్లో నలిపేస్తూ నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాడు. అత్తయ్య చొక్కా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"చూడు ఎలా చిక్కిపోయాడో. ఆ జర్మన్ల క్యాంపులో తిండేం పెడతారు? కూర్చోరా నాయనా" అని వెసెల్ కుర్చీలోనే కూర్చోబెట్టింది. వాడికి ముక్క అర్థం కాదు, అయినా కూర్చున్నాడు. ఎండివ్ ఆకు కలిపి మెదిపిన దుంపలు వడ్డించింది. తల ఎత్తకుండా తిన్నాడు. ఇంకొంచెం వేస్తే అదీ తిన్నాడు. అత్తయ్య ఎదురుగా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మురిసిపోతూ చూసింది.

వెసెల్ కాపాడబోయిన ప్రాణం ఇదే కదా అనుకుంటే నాకూ వాడి మీద జాలేసింది. మంచివాడిలాగే ఉన్నాడు. ఎందుకో నా కళ్లలోకి మాత్రం చూడడు.

24 ఆగస్టు

వీధి వీధంతా తలకిందులైంది. కూలిపోయిన ఇళ్లను సర్దుకుంటున్నవాళ్ల చేతుల్లోంచి ఇటుకలు లాక్కుని మళ్లీ రోడ్డు మీద పోస్తున్నారు. తగలబడిన ఇళ్లకు పొగ పెడుతున్నారు. జర్మన్ వేషం వేసిందీ ఇంగ్లీషువాళ్లే. పొద్దున ఆ యూనిఫామ్‌లో ఒకడు మా పంపు దగ్గర నీళ్లు తాగుతుంటే అత్తయ్య వెనక నుంచి వెళ్లి చీపురుతో నడుం మీద ఒక్కటిచ్చింది. వాడు నవ్వుతూ రెండు చేతులూ పైకెత్తాడు. అత్తయ్యకు నవ్వు రాలేదు. లోపలికొచ్చి గడియ పెట్టేసింది.

తుపాకులు మోగినప్పుడల్లా ఆవిడ వెనక వంటింట్లోకి పోయి తలుపేసుకుని చెవులు మూసుకుంటుంది. ఉత్త మందే, గుళ్లుండవు అని చెప్పినా వినదు. మోత విని నేను కూడా ఒకసారి నేలమాళిగ మెట్లు సగం దిగాక ఆగాను. ఇది ఏ సంవత్సరమో ఒక్క క్షణం తెలియలేదు.

27 ఆగస్టు, సోమవారం

ఈరోజు మా గుమ్మం సీను. వెసెల్‌గా డెర్క్ వేస్తున్నాడు. వెసెల్ పినతండ్రి కొడుకు, పాలు పోస్తాడు, నోరు మూత పడదు. అయితే వెనక నుంచి చూస్తే ఆ భుజాలు, ఆ నడక అచ్చం మా ఆయనవే. అత్తయ్య కిటికీలోంచి ఒక్కసారి చూసి, చాలు, తెర మీద చూస్తానని లోపలికి వెళ్లిపోయింది.

డైరెక్టరుగారు నన్ను పక్కన నిలబెట్టుకుని ఒక్కొక్కటే అడిగాడు. మాస్టారు అటూ ఇటూ చెప్పారు.

"తలుపు పూర్తిగా తీశాడా, సగమేనా?"

"సగమే."

"ఏమైనా అరిచాడా?"

"లేదు. చెయ్యి చాపాడు."

"ముందు ఏ కాలు పెట్టాడు?"

"కుడికాలు."

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ కుడికాలు! అడిగిన మరుక్షణం మాత్రం కళ్లకు కట్టినట్టు కనిపించింది. కుడికాలు, చెక్కబూటు, చాపిన చెయ్యి. నిజంగా చూశానేమో. నేలమాళిగలో అంత భయంలో ఏం చూశామో ఏం చూడలేదో ఎవరికి తెలుసు?

ప్రాసర్ కంచె పక్కన గాయంతో పడి ఉండాలి. తలుపు తెరుచుకుంటుంది, డెర్క్ వస్తాడు, ఎదురు వీధిలోంచి మోత, డెర్క్ పడతాడు. ప్రాసర్ పాక్కుంటూ వెళ్లి తల ఒళ్లో పెట్టుకోవాలి. అప్పుడు నేను రావాలి. ఎంతసేపు తీసినా ప్రాసర్ ఆ మెట్లదాకా పాకడం లేదు. తలుపు తెరుచుకోగానే లేచి నిలబడతాడు. ఒకసారి ఏకంగా పియర్ చెట్టు వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాడు.

"వదినా, వీడు పాకేలోపు నా నడుం విరిగేట్టుంది. చచ్చి చచ్చి నేనే నిజంగా చస్తాను" అని డెర్క్ మెట్ల మీద పడుకునే గొణిగాడు.

"నోర్మూసుకుని చావు. చచ్చినవాడు మాట్లాడతాడా?" అన్నాను. అందరం నవ్వాం. ప్రాసర్ నవ్వలేదు.

29 ఆగస్టు

ఈరోజు కూడా అంతే. కాలు నొప్పి అంటున్నాడట.

31 ఆగస్టు, శుక్రవారం

అయింది! ఎట్టకేలకు ప్రాసర్ పాకాడు. డెర్క్ తల ఒళ్లో పెట్టుకున్నాడు. నేను బయటికొచ్చి, అప్పుడు పట్టుకున్నట్టే చెయ్యి పట్టుకున్నాను. ఎండ మండిపోతున్నా ఆ చెయ్యి మంచుముక్కలా ఉంది. డైరెక్టరుగారు వచ్చి నా భుజం తట్టాడు.

ఇంకా దగ్గరి నుంచి తీయాల్సిన ముక్కలు కొన్ని ఉన్నాయట, సోమవారం తీస్తారట. అప్పటిదాకా మెట్లు ఉన్నవి ఉన్నట్టే ఉండాలని, ఇటుకపొడి, పెళ్లలు, తూటా గొట్టాలు, నెత్తురు బదులు పోసిన బీట్‌రూట్ రసం, వేటినీ కదపొద్దని అందరికీ చెప్పారు. నాకు మాస్టారి చేత రెండుసార్లు చెప్పించారు. నేనేమైనా చిన్నపిల్లనా?

అత్తయ్యకు చెప్పాను, వెసెల్ సినిమాలో ఉన్నాడని. రాత్రి భోజనం దగ్గర మొదటిసారి వెసెల్ చిన్నప్పటి సంగతులు చెప్పింది. నవ్వుతూ చెప్పింది.

1 సెప్టెంబర్, శనివారం

హాయిగా గడిచింది. సినిమావాళ్లు అవతలి వీధిలో ఉన్నారు, ఇల్లు మళ్లీ మాదైనట్టు అనిపించింది. దుప్పట్లు ఎండలో వేశాను. రేషన్ కూపన్ మీద ఆకుపచ్చ సబ్బు దొరికింది, నిజమైన సబ్బు, యుద్ధంలో ఇచ్చిన ఆ మట్టిముద్ద కాదు. ఎన్నాళ్లైందో ఆ వాసన చూసి! గిన్నెలు తోమి, వంటిల్లు కడిగి, వీధిగుమ్మం మెట్లు బ్రష్‌తో రుద్ది రెండు బకెట్ల నీళ్లు కొట్టాను. సాయంత్రం అత్తయ్యకు తల దువ్వాను. రేపు చర్చికి నా నీలం గౌను వేసుకుంటాను.

2 సెప్టెంబర్, ఆదివారం

చర్చి నుంచి వస్తూ పక్కింటావిడ మా మెట్లు చూసి, "ఇప్పటికి నీ గుమ్మం మనుషుల గుమ్మంలా ఉంది" అంది. సంతోషం వేసింది.

3 సెప్టెంబర్, సోమవారం

దేవుడా.

డైరెక్టరుగారు వచ్చి మెట్లు చూశాడు. మెట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. ఆయన నోట వచ్చిన మాటల్ని మాస్టారు తర్జుమా చేయలేదు.

"ఏం చేశారమ్మా! ఎన్నిసార్లు చెప్పాను?"

"శనివారం కదా మాస్టారూ" అన్నాను. నిజంగా నాకు తట్టనే లేదు. శనివారం వస్తే చెయ్యి దానంతటదే బ్రష్ పట్టుకుంటుంది. మా అమ్మ ప్రసవమైన వారంలో కూడా మెట్లు కడిగింది.

అత్తయ్య చేతులు నడుం మీద పెట్టుకుని ముందుకొచ్చింది. "శనివారం మెట్లు కడగని ఇల్లూ ఒక ఇల్లేనా? వాళ్ల దేశంలో కడగరా ఏం? అడగండి మాస్టారూ!"

మాస్టారు అడగలేదు.

ఎంత ఇటుకపొడి చల్లినా పాతదానికీ కొత్తదానికీ అతకదట. శుక్రవారం తీసిందంతా పనికిరాదు. రేపు మొత్తం సీను మొదటి నుంచి తీయాలి. అది చెప్పినప్పుడు ప్రాసర్ కంచె పక్కనే నిలబడి ఉన్నాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే నేల మీద కూలబడ్డాడు. దాహమేమోనని నీళ్లు తీసుకెళ్లి ఇచ్చాను. గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు.

4 సెప్టెంబర్, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈసారి నిజంగా చూసింది.

అత్తయ్య ఎప్పటిలాగే వెనక వంటింట్లో తలుపేసుకుంది. డెర్క్ తలుపు వెనక, నేను నడవలో. నడవ పక్కగదిలో కిటికీకి గాజు లేదు కాబట్టి అందులోంచి కంచె కనిపిస్తుంది. ప్రాసర్ అక్కడ పడుకుని ఉన్నాడు, పక్కన తుపాకీ. డైరెక్టరుగారు అరిచాడు. పొగ పెట్టారు. డెర్క్ గడియ తీశాడు. తలుపు సగం తెరిచాడు.

ఇంకా కాలు బయట పెట్టలేదు. ప్రాసర్ తుపాకీ ఎత్తి తలుపు వైపు గురిపెట్టి కాల్చాడు. మా తలుపు వైపు. డెర్క్ వైపు.

అది ఉత్త మందే. డెర్క్ ఎలాగూ పడాలి కాబట్టి పడ్డాడు. ఎదురు వీధిలో కాల్చాల్సిన వాళ్లు కాల్చకుండా నిలబడి చూస్తున్నారు. ప్రాసర్ తుపాకీ వదిలేసి పాక్కుంటూ వచ్చాడు. ఈసారి ఒక్క క్షణం ఆగలేదు. డెర్క్ తల ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పోయిన ఏడు నేను చూసిన ఏడుపు ఇదే. శుక్రవారం ఏడ్చింది ఇలా లేదు.

డైరెక్టరుగారు పరిగెత్తుకొచ్చి ఏదో అరిచాడు. ప్రాసర్ తల ఎత్తకుండా చిన్నగా ఏదో అన్నాడు. మాస్టారి మొహం పాలిపోయింది.

"ఏమన్నాడు మాస్టారూ?"

"ఇదేం పని అని అడిగారమ్మా ఆయన. నేను చేసిందే చేశాను సార్, అంటున్నాడు."

అప్పుడు ప్రాసర్ నా వైపు తిరిగాడు. వచ్చినప్పటి నుంచి మొదటిసారి నా కళ్లలోకి చూసి మాట్లాడాడు. మాస్టారు నా చెవి దగ్గర ముక్క ముక్కగా చెప్పారు. "తలుపు కదిలింది. జర్మన్ అనుకున్నాను. కాల్చాను. తర్వాత చూశాను. చెక్కబూట్లు చూశాను, సిపాయివి కావు."

మెట్ల మీద నుంచి డెర్క్ ఒక కన్ను తెరిచాడు. "వదినా, లేవమంటారా, ఉండమంటారా?" పాపం వాడికేమీ తెలియలేదు.

డైరెక్టరుగారు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన అడిగింది మాస్టారు చెప్పకముందే అర్థమైంది. "మీరు చూశానన్నారు. ఈ రెండిట్లో ఏది చూశారు?"

అందరూ నా వైపే చూస్తున్నారు. వెసెల్ ఎవరినీ కాపాడబోలేదు. చెయ్యి చాపలేదు. కాలు బయట పెట్టనేలేదు. తలుపు తీశాడు, అంతే. ఎందుకు తీశాడో ఈ కుర్రాడికీ తెలియదు, నాకూ తెలియదు, ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. మొదటిదే చూశానంటే వెసెల్ తెర మీద ఉంటాడు, అత్తయ్య కొడుకు నడవడం చూస్తుంది, ఈ కుర్రాడు అబద్ధమాడినట్టవుతుంది. నోరు తెరిచాను. వాడింకా నా వైపే చూస్తున్నాడు.

"ఆ జాలీలోంచి ఏమీ కనిపించదు" అన్నాను.

మాస్టారు వెంటనే చెప్పలేదు. డైరెక్టరుగారు మళ్లీ అడిగితే అప్పుడు చెప్పారు. డైరెక్టరుగారు టోపీ తీసి చంకలో పెట్టుకుని, కెమెరా సర్దేయమని చెయ్యి ఊపాడు.

నేను ప్రాసర్ చెయ్యి పట్టుకోలేదు. లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

5 సెప్టెంబర్

వాణ్ణి చంపేయాలనుంది. నా కుర్చీలో, మా దుంపలు, రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాడు.

నా కుర్చీ కాదు. వెసెల్ కుర్చీ.

మళ్లీ 5

అంత భయంలో ఇరవై ఏళ్ల కుర్రాడు. తొడలో తూటా. పెరళ్లన్నిట్లో జర్మన్లు తిరుగుతున్న రోజు. నేనైతే కాల్చేదాన్ని కానా? కాల్చేదాన్నేనేమో. అయినా చంపేయాలనే ఉంది.

కళ్లు మూసుకుంటే వెసెల్ ఇంకా కుడికాలు బయట పెట్టి చెయ్యి చాపి వస్తున్నాడు. అది నేనే కల్పించానని తెలుసు, అయినా వస్తున్నాడు. నిజంగా పైకి వెళ్లిన వెసెల్‌ని తలుచుకుందామంటే గుర్తు రావడం లేదు. పెట్టె మీద కూర్చున్నది గుర్తుంది, గడియ చప్పుడు గుర్తుంది, మొహం గుర్తు రావడం లేదు. డెర్క్ మొహమే వస్తోంది.

6 సెప్టెంబర్

డెర్క్‌కు అంతా చెప్పాల్సి వచ్చింది. వాడి మొహం చూడలేకపోయాను. అత్తయ్య చెవిన పడకూడదని మాట తీసుకున్నాను. "నా నోరు సంగతి నాకు తెలుసు వదినా. కానీ ఇది నాతోనే పోతుంది" అన్నాడు. మాస్టారు కూడా ఒప్పుకున్నారు. సినిమాలోంచి మా సీను తీసేసిన సంగతి కూడా అత్తయ్యకు చెప్పలేదు. చెప్పాలి. ఎలా చెప్పాలో ఆలోచించుకుని చెప్తాను.

7 సెప్టెంబర్, శుక్రవారం

ప్రాసర్ వచ్చాడు. తలుపు తట్టలేదు. కంచె దగ్గర టోపీ చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. రేపు వెళ్లిపోతున్నాడట, మాస్టారు నిన్ననే చెప్పారు. నేను కిటికీ చాటున నిలబడ్డాను.

"ఆ పిల్లాడు ఎండలో నిలబడి ఉంటే పిలవవేమే?" అంది అత్తయ్య.

"వాడికి మన భాష రాదత్తయ్యా."

"ఆకలికి భాషెందుకు?" అని పెనం మీది అట్టు పళ్లెంలో వేసి, ఉన్న పంచదారంతా దాని మీద చల్లి, తనే పట్టుకెళ్లింది. నేను ఆపలేదు. ఏమని ఆపను?

వాడు పళ్లెం అందుకున్నాడు. అత్తయ్య ఎదురుగా నిలబడి తినమని సైగ చేసింది. తిన్నాడు. తింటూ ఏడ్చాడు. అత్తయ్య వాడి చెంపలు ఏప్రన్‌తో తుడిచి, "మా వాడి ప్రాణం నీలో ఉందిరా, జాగ్రత్తగా బతుకు" అంది. వాడికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

బయటికి వెళ్లి ఆవిణ్ణి లోపలికి లాగేద్దామా అనుకున్నాను, వాడికి ఇంకో అట్టు వేసి పంపిద్దామా అని కూడా అనుకున్నాను. రెండూ చేయలేదు. ఖాళీ పళ్లెం తీసుకుని అత్తయ్య లోపలికొచ్చింది. నేను పళ్లెం కడిగాను.

15 సెప్టెంబర్

సినిమావాళ్లు వెళ్లిపోయారు. గాజుపలకలు వచ్చాయి. అత్తయ్యకు ఇంకా చెప్పలేదు.

17 సెప్టెంబర్

సిపాయిలు దిగి ఏడాదైంది. పెరట్లోంచి చర్చి శ్మశానానికి మార్చిన వెసెల్ సమాధి మీద పూలు పెట్టి వచ్చాం. "సినిమా ఎప్పుడొస్తుందే?" అని దారిపొడవునా అత్తయ్య అడిగింది. కనుక్కుంటానన్నాను.

19 సెప్టెంబర్ 1946, గురువారం

ఏడాది తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఇంకెవరికి చెప్పుకోను?

సినిమా వచ్చింది. వెసెల్ అందులో లేడన్న ఆ ఒక్క సంగతి చెప్పడానికి ఏడాదంతా నాకు ధైర్యం చాలలేదు. రేపు చెప్తాను, పండగ వెళ్లాక చెప్తాను, ఆవిడ దగ్గు తగ్గాక చెప్తాను అనుకుంటూ గడిపేశాను. ఈలోగా అత్తయ్య వీధిలో అందరినీ పిలిచేసింది. డెర్క్ మాత్రం పాలకు వెళ్లాలని సాకు చెప్పి తప్పించుకున్నాడు.

అత్తయ్య నల్ల గౌను ఇస్త్రీ చేసి వేసుకుంది. హాల్లో మధ్య వరసలో కూర్చున్నాం. దీపాలు ఆరిపోగానే నా చెయ్యి వెతికి పట్టుకుంది. విమానాలు వచ్చాయి, ఆకాశం నిండా పారాచూట్‌లు విచ్చుకున్నాయి. మా చర్చి వచ్చింది, మా వీధి వచ్చింది. జనం ఒకరినొకరు చూసుకుని పేర్లు పెట్టి అరుస్తున్నారు. మాస్టారు ఒకచోట కనిపిస్తే చప్పట్లు కొట్టారు. నేను వేళ్లు లెక్కపెట్టుకుంటూ, మా ఇల్లు రాకుండా ఉంటే బాగుండునని దేవుణ్ణి వేడుకుంటున్నాను.

వచ్చింది. ముందుగోడ, బొక్క, కంచె. అత్తయ్య నా చెయ్యి వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"నా వల్ల కాదే. వాడు పడిపోవడం నేను చూడలేను. అయిపోయాక చెప్పు" అంది చేతుల్లోంచి.

తెర మీద మా తలుపు మూసే ఉంది. కాసేపు పొగ కనిపించింది. అంతే, తర్వాత వేరే వీధి వచ్చింది, ట్యాంకు వచ్చింది.

"వచ్చాడా?"

పక్కవాళ్లు ట్యాంకును చూస్తున్నారు.

"వచ్చాడత్తయ్యా" అన్నాను.

"బాగా వచ్చాడా?"

"బాగా వచ్చాడు."

"భయపడ్డట్టున్నాడా?"

"లేదు. మామూలుగానే ఉన్నాడు."

ఆవిడ చేతులు తీసింది. మొహమంతా తడిసిపోయి ఉంది, కానీ నవ్వుతోంది. ఎవరెవరో పరిగెడుతున్న తెర వైపు కాసేపు చూసింది. తర్వాత నా వైపు వంగింది.

"పిరికిదాన్ని, కళ్లు మూసేసుకున్నాను. రేపు కూడా ఆట ఉందటగా. రేపు మళ్లీ వద్దామే. ఈసారి కళ్లు మూసుకోను."

సరేనన్నాను.